ఊళ్లో బీపీ, షుగర్ కార్యక్రమం మొదలుపెట్టి నిలబెట్టడం ఎలా? సమగ్ర మార్గదర్శి

"మా ఊళ్లో కూడా బీపీ, షుగర్ క్యాంపు పెడదామనుకుంటున్నాం, ఏమేం కావాలి?" అని కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. అందరికీ నేను చెప్పే మొదటి మాట ఒకటే. మెషిన్ కొనకముందు ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ కొనండి.

మేం మొదటిసారి టెంట్ వేసి, మైకు పెట్టి, ఒక్క పూటలో రెండు వందల మందికి పైగా చూశాం. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే బీపీ ఎక్కువున్నవాళ్ల పేర్లు రాసిన కాగితాలు బీరువాలో అలాగే ఉన్నాయి. వాళ్లలో ఎవరు మాత్రలు మొదలుపెట్టారో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. కింద చెప్పినదంతా రెండు వేల జనాభా ఉన్న ఊరికి సరిపోయేట్టు రాశాను. మీ ఊరు పెద్దదైతే వీధుల వారీగా విడగొట్టుకోండి.

1. ముందు ఎవరితో మాట్లాడాలి

ఇది ప్రభుత్వ వ్యవస్థకు పోటీగా పెట్టే కార్యక్రమం కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడటం, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలు పరిశీలించడం ఇప్పటికే ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. మాత్రలూ అక్కడే ఉచితంగా ఇస్తారు. మన పని జనాన్ని అక్కడిదాకా తీసుకెళ్లడం, మధ్యలో జారిపోకుండా చూసుకోవడం.

అందుకని ఈ వరుసలో కలవండి:

- విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ (క్లినిక్ చూసుకునే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి), ఏఎన్ఎం. వాళ్లు ఒప్పుకోకపోతే అడుగు ముందుకు వేయొద్దు.
- ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో ఎవరున్నారో ఊళ్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆమెకే.
- పీహెచ్‌సీ డాక్టరు. 104 వాహనం (ఊరూరా తిరిగే వైద్య వాహనం) మీ ఊరికి ఏ రోజు వస్తుందో, మందుల స్టాకు ఎంతుందో అడిగి తెలుసుకోండి.
- డ్వాక్రా గ్రామ సంఘం అధ్యక్షురాలు. వంటింటి మార్పు ఏదైనా సంఘం మీటింగుల్లో నుంచే మొదలవుతుంది.
- సర్పంచ్, ఊరి పెద్దలు. అన్ని పార్టీలవాళ్లనూ ఒకే రోజు కలవండి. ఒకరిని ఈరోజు, ఇంకొకరిని వారం తర్వాత కలిస్తే కార్యక్రమానికి పార్టీ రంగు అంటుకుంటుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటే ఆయన్నీ పిలవండి. రాత్రి పదింటికి కళ్లు తిరిగితే జనం ముందు పరుగెత్తేది ఆయన దగ్గరికే. "బీపీ 140/90 దాటితే మాకు ఒక్క మాట చెప్పండన్నా" అని అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు.

2. జట్టు ఎలా ఉండాలి

ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. అందులో సగం మందికి పైగా ఆడవాళ్లు ఉండాలి. ప్రతి వీధి నుంచి, ప్రతి కాలనీ నుంచి ఒకరుండాలి. ఎస్సీ కాలనీకి ఆ కాలనీ మనిషే వెళ్తే తలుపు తీసి లోపలికి పిలుస్తారు. బయటివాళ్లు వెళ్తే అరుగు మీదే రెండు మాటల్లో అయిపోతుంది.

ఒక్కొక్కరికి ముప్పై, నలభై ఇళ్లకు మించి ఇవ్వకండి. చదువు పదో తరగతి దాకా ఉంటే సరిపోతుంది. నోరు జారని మనిషి కావడం మాత్రం ముఖ్యం. "ఫలానా వాళ్లమ్మాయికి షుగరంట" అన్న మాట ఒక్కసారి బయటికి వస్తే పెళ్లి సంబంధం దాకా పోతుంది. ఆ తర్వాత ఆ వీధిలో ఎవరూ చెయ్యి చాపరు. మొదటి మీటింగులోనే ఈ విషయం గట్టిగా చెప్పండి.

3. పుస్తకం గీసుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. కార్యక్రమం మొత్తం ఈ పుస్తకం మీదే నడుస్తుంది. మనిషికి ఒక వరుస, రెండు పేజీలు కలిపి అడ్డంగా గీయండి. గడులు ఇవి:

- ఇంటి నంబరు, పేరు, వయసు, ఫోన్ నంబరు (సొంత ఫోన్ లేకపోతే ఎవరిదో రాయాలి)
- నడుము కొలత, పొగాకు అలవాటు
- మొదటి రోజు బీపీ, రెండో రోజు బీపీ
- షుగర్ అంకె, తిన్నాక చూసిందా తినకముందు చూసిందా
- డాక్టరు చూసిన తేదీ, రాసిన మాత్ర
- మాత్రలు అయిపోయే తేదీ
- నెలనెలా తనిఖీకి పన్నెండు చిన్న గడులు
- సుగ్గికి (ఊరు విడిచి వలస కూలికి) పోతారా, ఎప్పుడు, ఏ ఊరికి

మాత్రలు అయిపోయే తేదీ గడిని ఎర్ర పెన్నుతో గీయండి. ముప్పై రోజుల మాత్రలు ఇచ్చారంటే ఇరవై ఐదో రోజున మీ మనిషి ఆ గడప ముందు ఉండాలి.

పుస్తకం ఒక్కరి దగ్గరే, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. ఫోన్‌లో ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం పూర్తిగా మానుకోండి.

4. సుగ్గి చూసుకుని నెలలు ఎంచుకోండి

మన పడమటి మండలాల్లో దీన్ని మర్చిపోతే చేసిందంతా వృథా. పత్తి తీత అయ్యాక ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. చాలామంది మళ్లీ ఊళ్లో కనిపించేది ఉగాదికే. జనవరిలో కార్యక్రమం మొదలుపెడితే మీకు దొరికేది ముసలివాళ్లూ పిల్లలే.

- జూన్, జూలై: జట్టు, పుస్తకం, ఇంటింటి లిస్టు. విత్తనం పడే వారం మాత్రం వదిలేయండి.
- ఆగస్టు, సెప్టెంబరు: కొలతలు, డాక్టరు దగ్గరికి పంపడం.
- అక్టోబరు నుంచి: నెలనెలా తనిఖీ, వంటింటి మీటింగులు.
- సుగ్గికి పోయే ముందు రెండు వారాలు: ప్రయాణం మూట (దాని గురించి 10వ భాగంలో).

5. ఇంటింటి లిస్టు

ఆశా కార్యకర్త దగ్గర సీబ్యాక్ ఫారం ఉంటుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శరీర శ్రమ, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉందా అన్నవి అడిగి మార్కులు వేస్తారు. నాలుగు దాటినవాళ్లను ముందు పిలవాలి. తక్కువ వచ్చినా 30 దాటితే పరీక్ష చేయించాల్సిందే. మార్కులు వరుస కోసం మాత్రమే.

నడుము కొలవడానికి దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే, ఇంటి లోపలే కొలవండి.

రెండు వేల జనాభాలో 30 దాటినవాళ్లు దాదాపు సగం ఉంటారు. అంటే వెయ్యి పేర్లు. భయపడకండి, రోజుకు నలభై మందిని చూసినా ఇరవై ఐదు పూటల్లో అయిపోతుంది.

6. సామాన్ల చెక్‌లిస్టు

- జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మెషిన్లు రెండు. మణికట్టు మెషిన్ వద్దు.
- మామూలు పట్టీతో పాటు లావు చేతులకు పెద్ద పట్టీ. ఇరుకు పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది.
- కొత్త బ్యాటరీలు రెండు సెట్లు
- వీపు ఆనించుకునే కుర్చీలు నాలుగు, ఒక బల్ల
- గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, మనిషికొక కొత్త సూది
- వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని గట్టి డబ్బా
- సబ్బు, నీళ్లు, దూది
- పుస్తకం, ఎర్ర పెన్ను, మనిషికి ఇచ్చే చిన్న కార్డులు

షుగర్ పరీక్ష ఎంఎల్‌హెచ్‌పీ గానీ ఏఎన్ఎం గానీ చేయాలి. మన జట్టువాళ్లు సూది పట్టుకోవద్దు.

స్ట్రిప్పులు 30 డిగ్రీల లోపు ఉండాలని డబ్బా మీదే రాసుంటుంది. మన ఎండలకు బండి డిక్కీలో పెట్టారంటే ఒక్క మధ్యాహ్నంలో పాడైపోతాయి. మూత తీసి వదిలేసినా అంతే.

7. కొలిచే రోజు

పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేయండి. చోటు పీర్ల చావిడి గానీ బడి వరండా గానీ. మైకు వద్దు. ముందు రోజు సాయంత్రం జట్టువాళ్లు వెళ్లి "రేపు పొద్దున మీ వీధి వంతు పెద్దమ్మా, టీ తాగకుండా రా" అని చెబితే చాలు.

కొలిచే పద్ధతి, వరుస తప్పకుండా:

1. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, గుట్కా ఉండకూడదు. ఒంటేలుకు వెళ్లొచ్చి కూర్చోవాలి.
2. ఐదు నిమిషాలు కుర్చీలో, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, మాట్లాడకుండా.
3. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. పట్టీ చర్మం మీద కట్టాలి, జాకెట్ చేతి మీదో చొక్కా మీదో కాదు.
4. ఒకసారి చూసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూసి, రెండింటి సగటు పుస్తకంలో రాయాలి.

రెండో మెట్టు దగ్గరే అందరూ ఓపిక పోగొట్టుకుంటారు. ఒక రోజు ఒక అవ్వ బిందె దించి, నడిచొచ్చిన ఊపులోనే కూర్చుంది. మా కుర్రవాడు వెంటనే పట్టీ కట్టేశాడు. 172/98 వచ్చింది. అవ్వ ముఖం పాలిపోయింది, పక్కనున్న కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆపి, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టాం. వేపచెట్టు గాలి తగులుతోంది, ఎవరినీ పలకరించనివ్వలేదు. ఏడు నిమిషాల తర్వాత 146/88, మళ్లీ చూస్తే 142/86. పుస్తకంలో 144/87 రాశాం. అవ్వకు బీపీ ఎక్కువే, మరో రోజు చూసి డాక్టరుకు చూపించాల్సిందే. కానీ 172 అని రాసి పంపి ఉంటే కథ వేరుగా ఉండేది. అందుకే నాలుగు కుర్చీలు అడిగాను: ఒకరికి కొలుస్తుంటే ముగ్గురు విశ్రాంతిలో ఉండాలి.

షుగర్‌కు చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరాక, వేలి పక్క భాగంలో గుచ్చాలి. బెల్లం ముట్టుకున్న చేత్తో చూస్తే అబద్ధపు అంకె వస్తుంది. రక్తం రాలేదని వేలు గట్టిగా పిండితే అంకె మారిపోతుంది.

అంకె పైకి చదవకండి. కార్డు మీద రాసి చేతికివ్వండి. చదవడం రానివాళ్లకు చెవి దగ్గర చెప్పండి.

8. అంకె వచ్చాక ఏం చేయాలి

జబ్బు ఉందని తేల్చేది డాక్టరు. మనం దారి మాత్రమే చూపిస్తాం.

- బీపీ 140/90 కంటే తక్కువ: ఏడాదికోసారి మళ్లీ చూడాలి. 130 దాటితే ఆరు నెలలకే.
- 140/90 లేదా ఎక్కువ (పైదైనా కిందిదైనా): వారం లోపు మరో రోజు మళ్లీ చూసి, అప్పుడూ అంతే ఉంటే డాక్టరు దగ్గరికి.
- 180/110 లేదా ఎక్కువ: అదే రోజు డాక్టరు దగ్గరికి, తోడు మనిషితో.
- గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, ఒక చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం: అంకె కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.
- షుగర్, ఎప్పుడు చూసినా 140 లేదా ఎక్కువ: తినకముందు, తిన్నాక చేసే పరీక్షకు పంపండి. తినకముందు 126 లేదా ఎక్కువ, తిన్న రెండు గంటలకు 200 లేదా ఎక్కువ ఉంటే డాక్టరు షుగర్‌గా లెక్కేస్తారు.
- షుగర్ 70 కంటే తక్కువ, చెమటలు, వణుకు: మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108.

గర్భిణులను ఈ లెక్కల్లో కలపకండి. వాళ్లను నేరుగా ఏఎన్ఎంకు అప్పగించండి.

9. నెలనెలా గడప తొక్కడం

అసలు పని ఇది. మాత్ర చీటీ రాయించుకున్నవాళ్లలో చాలామంది రెండో నెలకే ఆపేస్తారు. "తల తిరిగినప్పుడు ఒగటి ఏసుకుంటా నాయనా, ఊరికే ఎందుకు?" అని ఎన్నోసార్లు విన్నాను. వాళ్ల మీద కోప్పడి లాభం లేదు. బీపీకి నొప్పి ఉండదు, నొప్పి లేనిదానికి మందెందుకన్నది న్యాయమైన అనుమానమే. "మోటారుకు ఓల్టేజీ ఎక్కువొస్తే కాలిపోయేదాకా తెలియదు కదా అవ్వా, లోపల గుండె, కిడ్నీ అట్లే" అని చెబితే అర్థమవుతుంది.

ఇంటికి వెళ్లినప్పుడు అడగాల్సినవి:

- "మాత్రలు చూపించక్కా" అనండి. వేసుకుంటున్నావా అని అడిగితే అందరూ ఊ అంటారు. అట్ట చేతికి తీసుకుని ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.
- ఏ పూట వేసుకుంటున్నారు? రొట్టెలు చేసే వేళకో, పళ్లు తోముకునే వేళకో ముడిపెట్టించండి.
- కాళ్ల వాపు, పొడి దగ్గు, కడుపులో తిప్పడం ఉందా? ఉంటే ఆపేయమనకండి, డాక్టరుకు చెప్పించండి, మాత్ర మారుస్తారు.
- ఒళ్లు నొప్పులకు మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతున్నారా? ఇవి బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కూలి పనికి వెళ్లేవాళ్లను తప్పకుండా అడగండి.
- షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూడండి. వేళ్ల మధ్య పుండు, ముల్లు, స్పర్శ లేకపోవడం. పత్తి మోళ్లలో చెప్పుల్లేకుండా నడవొద్దని చెప్పండి.
- పొద్దున షుగర్ మాత్ర వేసుకుని పదకొండింటిదాకా ఏమీ తినకుండా చేలో ఉంటున్నారా? కళ్లు తిరిగి పడిపోయేది ఇలాగే. మాత్ర, తిండి ఒకదాని వెంట ఒకటి ఉండాలి. కొంగున చక్కెర పొట్లం కట్టుకోమనండి.

10. సుగ్గి మూట

పోయే ముందు ప్రతి బీపీ, షుగర్ మనిషి చేతిలో ఇవి ఉండాలి:

- డాక్టరును అడిగి, వీలైనన్ని ఎక్కువ రోజుల మాత్రలు
- మందుల చీటీ, దాని ఫొటో ఫోన్‌లో
- ఆధార్, ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు
- వెళ్లే ఊరికి దగ్గరి పీహెచ్‌సీ పేరు రాసిన కార్డు
- కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఫోన్ నంబరు మీ పుస్తకంలో

ఇన్సులిన్ వాడేవాళ్లు గుడిసెలో ఫ్రిజ్ లేదని ఆపేస్తారు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సీసా పెట్టి, తడిపిన మట్టికుండలో నీడలో ఉంచమనండి. నెలకోసారి మీరే ఫోన్ చేయండి. మేస్త్రీతో ముందే మాట్లాడుకుంటే ఆయనే గుర్తు చేస్తాడు.

11. వంటింటి మీటింగులు

ఉపన్యాసం వద్దు, లెక్క వేయించండి. ఒక సంఘం మీటింగులో "ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుందక్కా?" అని అడిగాం. ఐదుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ ఇరవై రోజులని ఒకామె చెప్పింది. పలక మీద వేశాం: రోజుకు 50 గ్రాములు, మనిషికి 10. ఉండాల్సింది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, ఊరగాయతో అప్పడంతో కలిపి. చెంచాతో ఉప్పు తీసి విస్తరి మీద రెండు కుప్పలు పోశాం. అందరూ ముందుకు వంగి చూశారు. ఏ పోస్టరూ అంత పని చేయదు.

ఆ తర్వాత వాళ్లే చెప్పారు: రొట్టె పిండిలో ఉప్పు మానేయొచ్చు, మజ్జిగలో వేయక్కర్లేదు, కూరలో చింతపండు పులుపు కొంచెం పెంచితే ఉప్పు తగ్గింది తెలియదు, ఊరగాయ ఒక పూటకే. కల్లుప్పు మంచిదనుకుంటారు. అది కూడా ఉప్పే, పైగా చాలావాటిలో అయోడిన్ ఉండదు.

నూనె లెక్కా అంతే. మనిషికి నెలకు అర లీటరు. ఉగ్గాని పక్కన బజ్జీ లేకుండా మనకు పొద్దు గడవదు, నాకు తెలుసు. ఉగ్గాని తినండి, బజ్జీలు వారానికి ఒక రోజుకు పెట్టుకోండి, మిగతా రోజులు వేయించిన పప్పుల పొడి చాలు.

జొన్న రొట్టె, కొర్ర బువ్వ, సంగటి మంచివే. ఎంత తిన్నా షుగర్ పెరగదన్నది మాత్రం నిజం కాదు. ముద్ద సైజు తగ్గించి, ఆకుకూర పప్పు, వంకాయ, బెండకాయ కూర ఎక్కువ పెట్టుకోవాలి.

12. నడక, పొగాకు

వారానికి 150 నిమిషాలు చెమట పట్టే నడక. చేలో పనిచేసేవాళ్లకు పని ఉన్న నెలల్లో వేరే నడక అక్కర్లేదు. కొట్లో, సచివాలయంలో, ఇంట్లో కూర్చునేవాళ్లకు కావాలి. రోడ్డు మీద లారీల మధ్య వద్దు, బడి మైదానంలో జట్టుగా నడవండి.

పొగాకు మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 ఉచిత నంబరు ఇవ్వండి. మొదటి వారం వాళ్ల వీధి మనిషి రోజూ పలకరించాలి. నోట్లో మానని పుండు, తెల్ల మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకి పంపండి.

13. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకోవడం

*ఆడవాళ్లే వస్తున్నారు, మగవాళ్లు రావట్లేదు.* వాళ్లున్న చోటికి వెళ్లండి: పొద్దున టీ కొట్టు పక్కన, రాత్రి ఎనిమిదింటికి కట్ట దగ్గర. టీ తాగకముందే పట్టుకోవాలి.

*బీపీ మామూలుకు వచ్చిందని మాత్ర ఆపేశారు.* మాత్ర వల్లే మామూలుకు వచ్చిందని పుస్తకంలో అంకెలు చూపించి చెప్పండి.

*పసరు తాగుతున్నామని మందు వదిలేశారు.* పసరును తిట్టకండి. "మాత్ర మాత్రం ఆపొద్దు, నెలకు మళ్లీ చూద్దాం" అనండి. అంకె చూశాక వాళ్లే మాట్లాడతారు. ఏం తాగుతున్నారో డాక్టరుకు చెప్పించడం మర్చిపోకండి.

*పీహెచ్‌సీలో మాత్రలు అయిపోయాయి.* నెలకు ఎంతమందికి ఏ మాత్ర కావాలో పుస్తకం నుంచి లెక్క తీసి, రెండు వారాల ముందే ఎంఎల్‌హెచ్‌పీకి రాతపూర్వకంగా ఇవ్వండి.

*మెషిన్ అంకెల మీద అనుమానం.* ఆరు నెలలకోసారి డాక్టరు మెషిన్ పక్కన పెట్టి అదే మనిషికి చూడండి. తేడా ఎక్కువుంటే మార్చేయండి.

*జట్టు అలసిపోయింది.* ఇళ్లు తగ్గించండి, ఇంకొకరిని చేర్చండి. బలవంతంగా లాగకండి.

14. ఆరు నెలలకు తీయాల్సిన లెక్క

మూడే ప్రశ్నలు. 30 దాటినవాళ్లలో ఎంతమందిని కొలిచాం? ఎక్కువున్నవాళ్లలో పోయిన నెల మాత్రలు తీసుకున్నది ఎంతమంది? వాళ్లలో బీపీ 140/90 లోపుకు వచ్చింది ఎంతమందికి?

ఈ అంకెలు పేర్లు లేకుండా గ్రామసభలో చదవండి. పేర్లున్న లిస్టు జట్టు ముందే పెట్టుకుని, ఆరు నెలల్లో ఒక్కసారీ మాత్ర తీసుకోనివాళ్లను, తాళం వేసి ఉన్న ఇళ్లను ఎర్ర పెన్నుతో చుట్టండి. కొత్త పుస్తకం మొదటి పేజీలో ఆ పేర్లే రాయండి. రెండో విడత మొదలయ్యేది ఆ ఇళ్ల నుంచే.